విరిగిన ముక్కు: నాటి చికిత్స, నేటి చికిత్స

ముఖమున ముందుకు పొడుచుకొనియుండు అవయవము ముక్కు. కావుననే ముఖమునకు దెబ్బ తగిలినప్పుడు తరచుగా విరుగునది దాని ఎముకయే. దీనికి చికిత్స మిక్కిలి ప్రాచీనమైనది.

1862లో ఎడ్విన్ స్మిత్ ఈజిప్టులో కొన్న వైద్యపత్రము క్రీ.పూ. 1600 ప్రాంతమున వ్రాయబడినది. 1930లో జేమ్స్ బ్రెస్టెడ్ దానిని అనువదించి ప్రకటించెను. ముక్కులోని నెత్తురును నారబట్ట వత్తులతో తుడిచి, కొవ్వులో తడిపిన వత్తులను లోపల నుంచవలెనని అందు కలదు. విరిగిన ముక్కు పది దినములలో అతుకుకొనునని గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీసు పేర నున్న గ్రంథము చెప్పుచున్నది. సుశ్రుత సంహిత చికిత్సాస్థానములో అణగిన ముక్కును శలాకతో సరిచేసి, రెండు రంధ్రములలోను ఇరుప్రక్కల నోరుగల గొట్టములుంచి, పట్టీ కట్టి, నేతితో తడుపుమని యున్నది. గొట్టము వలన ముక్కు ఆకారము నిలుచును, ఊపిరియు ఆడును.

నేడు మత్తుమందులు, మంచి పటకారులు వచ్చినవి. ఎముక అతుకుకొను గడువు మాత్రము మారలేదు. అయినను వాపు ఉన్నప్పుడు వంకర సరిగా తెలియదు. కావున మూడు నుండి ఐదు దినములకు రోగిని మరల చూచి, పెద్దలకు రెండు వారములలోపుగా, పిల్లలకు అంతకంటె ముందుగా ఎముకను సరిచేయుదురు.

వేచియుండరాని సంగతి మరొకటి కలదు. రెండు రంధ్రముల నడుమనున్న గోడలో నెత్తురు గడ్డకట్టినచో మృదులాస్థికి పోషణ అందదు. కొన్ని దినములలోనే అది క్షీణించి, ముక్కు నడుమ కుంగిపోవును. చీము పట్టు ప్రమాదమును కలదు. ఆ నెత్తురును వెంటనే తీసివేయవలెను. దీనిని కనిపెట్టుటకు ఎక్స్-రే పనికిరాదు; దీపపు వెలుగులో లోపల చూచి, మెత్తని ఉబ్బును తాకి తెలిసికొనవలెను. ముక్కునుండి తేటనీరు కారినచో పుర్రె అడుగుభాగము చిట్లినదేమో యని అనుమానింపవలెను.

ఖమ్మం–సత్తుపల్లి బాటపై నున్న తల్లాడలో మోటారుసైకిలుపై నుండి పడినవానికి, ఎద్దు కొమ్ము తగిలినవానికి ఈ పరీక్ష అక్కడనే చేయవచ్చును. ముందుగా రోగిని కూర్చుండబెట్టి, తల కొంచెము ముందుకు వంచి, ముక్కు మెత్తని భాగమును పది నిమిషములు నొక్కిపట్టిన నెత్తురు సాధారణముగా ఆగును. ఆగగానే ఇల్లు చేరినవాడు నొప్పి తగ్గినదని మరల రాకపోవచ్చును. నెల గడచిన పిమ్మట వంకర సరిచేయుటకు శస్త్రచికిత్సయే శరణ్యము. ఖమ్మములోని చెవి, ముక్కు, గొంతు వైద్యుని ఏ తేదీన చూడవలెనో చీటీపై వ్రాసియిచ్చినచో ఆ గడువు చేజారదు.