కలలును కలలు గన్నవారును

మనుష్యుడు తన యాయువులో నించుమించుగా మూడవవంతు నిద్రలో గడపుచున్నాడు. ఆ నిద్రలో రాత్రికి పలుమాఱులు కలలు గనుచున్నాడు. మేలుకొన్నపిమ్మట వానిలో నధికభాగమును మఱచిపోవుచున్నాడు. అట్లు మఱవక మిగిలిన కొలదిపాటి కలలే వేలకొలది సంవత్సరములనుండి రాజులను భయపెట్టినవి; వైద్యుల నాలోచింపజేసినవి; ఇల్లాండ్రకు తెల్లవాఱినది మొదలు ప్రొద్దుగ్రుంకువఱకు మనశ్శాంతి లేకుండ జేసినవి. మాకు కలలయం దాసక్తి చిరకాలమునుండి కలదు. కన్న కలను మఱునాడు వ్రాసికొనుటయు, ప్రాచీనులు కలలనుగూర్చి యేమనిరో వెదకి చదువుటయు మాకు వాడుక. ఈ వాడుకవలన మాకు తోచిన దేమనగా, స్వప్నవిచారముయొక్క చరిత్రమంతయు రెండు ప్రశ్నల చరిత్రము. "ఈ కలవలన నేమి జరుగబోవుచున్నది?" అనునది మొదటి ప్రశ్న. "ఈ కల గన్నవా రెవరు?" అనునది రెండవ ప్రశ్న. మొదటిదానికి జనాదరము మెండు. రెండవదానికి ప్రయోజనము మెండు. ఈ మాటను కొన్ని దృష్టాంతములతో చదువరులకు విన్నవింప దలచితిమి.

మనకు దొరకిన స్వప్నగ్రంథములలో మిక్కిలి ప్రాచీనములైన వానిలో నొకటి ఈజిప్టుదేశపుది. నైలునదికి పడమటివైపున, రాజుల సమాధులను తొలిచెడి పనివాండ్రు కాపురముండిన దేర్ ఎల్ మెదీనా యను పల్లెకు సంబంధించిన దది. క్రీస్తునకు పూర్వము 13వ శతాబ్దమున, రెండవ రామెసెస్ కాలమున, ఒక లేఖకుని యొద్ద నుండిన యా పపైరస్ చుట్ట యిప్పుడు లండనునందలి బ్రిటిష్ మ్యూజియములో నున్నది. అందు కల యొకటి, అది మంచిదో చెడ్డదో, దాని ఫలమేమో వరుసగా పట్టికవలె వ్రాయబడినది. "చెడ్డ" యను మాటను ఎఱ్ఱసిరాతో వ్రాసిరి. కిటికీలోనుండి చూచుచున్నట్లు కల వచ్చిన మంచిది. వాని మొఱ దేవుడు వినును. అద్దములో తన మొగము చూచుకొన్నట్లు వచ్చిన చెడ్డది. వానికి మఱియొక భార్య వచ్చును. చెడ్డకల వచ్చినవాడు చదువవలసిన ప్రార్థనయు, మొగమునకు రాచుకొనవలసిన రొట్టెయు మూలికలునుగూడ నందే చెప్పబడినవి. ఇంత నిశ్చయముగా ఫలములు వ్రాసిన యా గ్రంథకర్తయు నందఱ కొకే పట్టిక నిచ్చి యూరకొనలేకపోయెను. సేత్ అను దేవుని పోలిన ఉగ్రస్వభావము గలవారికి వేఱు ప్రకరణము పెట్టెను. కల కర్థము చెప్పుటకు ముందు మనుష్యుని స్వభావ మెఱుగవలెనని యా దినములలోనే యొకనికి దోచినది.

మన దేశమున అథర్వవేదమునందు దుస్స్వప్నములను పాఱద్రోలు మంత్రములు కలవు. బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడు జనకునితో మాటలాడుచు, స్వప్నమందు రథములును మార్గములును లేకున్నను వానిని సృజించువాడు ఆ పురుషుడే యని చెప్పెను. కల యెక్కడనుండియో వచ్చిన వార్త కాదు, కన్నవాని సృష్టియే యను భావమునకు బీజ మిచ్చట గనబడుచున్నది. చరకసంహిత ఇంద్రియస్థానమున నీ సంగతియే వైద్యుని దృష్టితో చెప్పబడినది. కలలు ఏడు విధములు: చూచినది, విన్నది, అనుభవించినది, కోరినది, ఊహించినది, జరుగబోవుదానిని దెలుపునది, వాతాదిదోషములవలన బుట్టినది. వీనిలో మొదటి యైదును నిష్ఫలములని వైద్యుడు తెలిసికొనవలెను. పగటికలయు, మిక్కిలి పొట్టికలయు, మిక్కిలి పొడవైన కలయు నట్టివే. చరకుడు శకునములను బొత్తిగా విడిచినవాడు కాడు. కుక్కలతోనో ఒంటెలతోనో గాడిదలతోనో దక్షిణదిక్కునకు బోవుచున్నట్లు కలగన్నవాడు క్షయరోగముపాలయి మరణించునని యా యధ్యాయముననే యున్నది. అయినను ఏడింట నైదింటిని శకునముల పట్టికనుండి కొట్టివేయుట సామాన్యమైన సాహసము కాదు.

గ్రీకులలోను ఈ రెండు ప్రశ్నలును పుట్టినవి. క్రీస్తునకు పూర్వము 4వ శతాబ్దమువాడైన అరిస్టాటిలు ఈ విషయమున నొక చిన్న ప్రబంధము వ్రాసి, నిజమైనవని చెప్పబడు కలలలో ననేకములు కాకతాళీయములే యని తేల్చెను. దేవుడే కలలను బంపువాడైనచో, జ్ఞానులను విడిచి సామాన్యులకేల బంపుననియు నాతడు శంకించెను. క్రీస్తుశకము 2వ శతాబ్దమున ఎఫెసస్ పట్టణమువాడైన అర్తెమిదోరస్ వేఱు మార్గము త్రొక్కెను. అతడు వృత్తిచేత స్వప్నఫలములు చెప్పువాడు. గ్రీసు, ఇటలీ, ఆసియా ప్రాంతములలో తిరిగి, పెద్దలు మోసగాండ్రని యీసడించు సంతలలోని సోదెగాండ్రతోగూడ సహవాసము చేసి, కలలను వాని ఫలములను సేకరించి యైదు సంపుటముల గ్రంథము రచించెను. కల గన్నవాని వృత్తి యేమి, జన్మ యేమి, ఆస్తి యెంత, దేహస్థితి యెట్టిది, వయస్సెంత, వాని యూరి యాచారము లేవి? ఇవి తెలిసికొనక ఫలము చెప్పరాదని యాతని శాసనము. తల నఱకబడినట్లు కల వచ్చినచో తల్లిదండ్రులు గలవానికి కీడు. మరణశిక్షకు లోబడవలసిన నేరము మోపబడి విచారణలో నున్నవానికి మేలు, ఏలయన నొకని తల రెండుమాఱులు తెగదు. దాసునకు స్వేచ్ఛ, ఏలయన దేహమునకు తల యజమానుడు.

ఆ గ్రంథములో మమ్ము మిక్కిలి యాకర్షించినది సర్పస్వప్నముల కథ. గర్భవతులైన యేడుగురు స్త్రీలు తాము పామును గన్నట్లు కలగనిరట. ధనవంతురాలి కుమారుడు గొప్ప వక్త యయ్యెను. యాజకుని భార్యకు బుట్టినవాడు పూజ్యుడైన యాజకుడయ్యెను. దాసి కొడుకు యజమానుని విడిచి పాఱిపోయెను. రోగముతో నున్న తల్లికి బుట్టినవాడు పక్షవాతమున బడెను. తక్కినవారిలో నొకడు ప్రవక్త, యొకడు దుర్వ్యసని, యొకడు దొంగ. పాము నాలుక చీలియుండును గనుక వక్త, పాము వంకరగా నడచును గనుక పాఱిపోయినవాడు అని గ్రంథకర్త హేతువులు చెప్పుచున్నాడు. ఫలము తెలిసినతరువాత హేతువు వెదకుట కష్టము కాదు. కాని చదువరులు నిదానించి చూచిన నిందులో పాముతో పని లేదని తెలియగలదు. ధనికుని బిడ్డకు చదువు దొరకినది. దాసిబిడ్డకు పాఱిపోవుటదప్ప గతి లేకపోయినది. ఆ బిడ్డల బ్రతుకులను దిద్దినది పాము కాదు, తల్లులున్న స్థితి. అర్తెమిదోరస్ తెలిసియో తెలియకయో తన కాలపు సంఘముయొక్క చిత్రమును మనకు మిగిల్చిపోయెను.

రెండవ ప్రశ్న నీకాలమున మరల నెత్తినవాడు వియన్నానగరపు వైద్యుడైన సిగ్మండ్ ఫ్రాయిడ్. ఆయన స్వప్నగ్రంథము 1899 నవంబరులో వెలువడినను దానిపై 1900 అని యచ్చువేసిరి. మొదటి కూర్పు 600 ప్రతులు అమ్ముడుపోవుటకు ఎనిమిది సంవత్సరములు పట్టెను. అర్తెమిదోరస్ కల గన్నవానిగూర్చి విచారించి యర్థము తానే చెప్పెడివాడు. ఫ్రాయిడ్ ఆ యర్థమునుగూడ కల గన్నవానినోటనే రప్పింపవలె ననెను. మన దేశమున గిరీంద్రశేఖర బోసుగారు 1922లో కలకత్తాలో భారతీయ మనోవిశ్లేషణ సంఘమును స్థాపించి యీ విచారణకు దారితీసిరి. ప్రతి స్వప్నమును కోర్కెల తీర్పే యన్న ఫ్రాయిడుమాటను నేటి శాస్త్రజ్ఞులలో ననేకు లంగీకరింపరు. అయినను, కల గన్నవానిని మాటలాడనిండని యాయన చెప్పినమాట నిలిచినది.

ఆ మాటకెంత బలము కలదో జర్మనీలో నొక పాత్రికేయురాలు చూపించెను. శార్లోట్ బెరాట్ అను నామె 1933లో హిట్లరు అధికారమునకు వచ్చిననాటినుండి తాను 1939లో దేశము విడుచువఱకు, తనకు తెలిసినవారివలనను వారి స్నేహితులవలనను కలలను సేకరించెను. అది ప్రాణాపాయకరమైన పని. అందుచేత హిట్లరును మామయ్యవంటి మాఱుపేరుతో వ్రాసి, కాగితములను పుస్తకముల అట్టలలో దాచి విదేశములకు బంపెను. ఆ సంగ్రహము 1966లో గ్రంథముగా వెలువడినది. హిట్లరు వచ్చిన మూడవదినమున నొక కర్మాగారపు యజమానునకు వచ్చిన కల యందున్నది. మంత్రి గోబెల్సు తన కర్మాగారమునకు వచ్చినట్లును, పనివాండ్రందఱు చూచుచుండగా వందనమునకై తన చేయి యెత్తుటకు అరగంట పట్టినట్లును, ఎత్తినతరువాత ఆ వందనము తనకు వలదని గోబెల్సు వెడలిపోయినట్లును ఆయన కలగనెను. ఒక వైద్యునకు 1934లో, గోడలు రద్దుచేయబడిన వను శాసనమువలన నూరిలోని యిండ్ల గోడలన్నియు మాయమైనట్లు కల వచ్చెను. ఈ కలలు జ్యోతిషములు కావు. పగలు పైకి చెప్ప భయపడిన యవమానమును రాత్రి చెప్పుకొన్న సాక్ష్యములు.

ఇక మన యిండ్ల సంగతి. పంచాంగములలోను, అంగళ్లలో దొరకు చిన్నపొత్తములలోను స్వప్నఫలముల పట్టికలు కనబడుచుండును. పండ్లు రాలినట్లు కల వచ్చిన నింటిలో నెవరికో ముప్పనియు, తొలిజామునాటి కల యేడాదికి గాని ఫలింపదనియు, తెల్లవాఱుజామునాటిది వెంటనే ఫలించుననియు మనవారి నమ్మకము. నోటిని ఇల్లుగాను పండ్లను ఇంటివారుగాను అర్తెమిదోరస్ కూడ చెప్పెను గనుక ఈ నమ్మకము మన యొక్కరిదే కాదు. కాని యాతడు పెట్టిన నియమము, అనగా ముందు మనిషిని విచారింపు మనునది, ఈ పట్టికలలో నెక్కడను లేదు. తెల్లవాఱుజామునాటి కలకు గల ప్రతిష్ఠకు గారణమును 1953 తరువాతి శాస్త్రము తెలుపుచున్నది. ఆ సంవత్సరమున చికాగో విశ్వవిద్యాలయమున అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనువారు, నిద్రలో కనుగ్రుడ్లు వడిగా కదలెడి ఘట్టములు కలవనియు, అప్పుడు లేపినవారు తఱచుగా కలలను చెప్పగలుగుచున్నారనియు ప్రకటించిరి. అట్టి ఘట్టము ఇంచుమించుగా 90 నిమిషముల కొకమాఱు వచ్చును, తెల్లవాఱుకొలది దీర్ఘమగును. కావున నావేళ కలలు మెండు. వెంటనే మేలుకొందుము గనుక జ్ఞాపకమును మెండు. జ్ఞాపకమున్నది గనుక నిజమగునని తలచుట తర్కము కాదు.

ఈ పట్టికలు వట్టి వినోదమైనచో మేమింత వ్రాయకపోదుము. పెండ్లిమాటలు నడుచుచుండగా ఇంటి పెద్దామెకు చెడ్డకల వచ్చెనని మంచి సంబంధమును విడుచుకొన్నవారిని మే మెఱుగుదుము. క్రొత్తకోడలు కాలుపెట్టిన వారమున నెవరికో పీడకల వచ్చిన, ఆ కలకు కోడలే కారణమగును. ఆమె నడుగువారు లేరు. కల గన్నవారినిగూడ నడుగువారు లేరు. పెద్దామె కేమి భయము కలదు? కొడుకు తనకు దూరమగునని బెంగయా? ఇంటిలో తన మాట చెల్లదని సందేహమా? ఆ భయమును చల్లార్చినచో నొక పిల్ల బ్రదుకు చల్లబడును. శాంతిచేయవలసినది గ్రహములకు కాదు.

కావున మేము చదువరులను కోరునది స్వల్పము. ఇంటిలో నెవరైన కల చెప్పబోయినప్పుడు పట్టిక తెఱవకుడు. ఛీ యని త్రోసివేయకుడు. నిన్న నేమి జరిగినది, దేనికి భయపడితివి, ఏమి కోరుచున్నావని నెమ్మదిగా నడుగుడు. ఒకే పీడకల మరల మరల వచ్చి నిద్ర చెఱుపుచున్నచో, అది వైద్యునితో చెప్పవలసిన బాధ యని యెఱుగుడు. ముఖ్యముగా పిల్లలు చెప్పినప్పుడు పూర్తిగా వినుడు. బడిలో దెబ్బలు తిన్నసంగతి పగలు చెప్పలేని బిడ్డ, కలయని పెట్టి యైన చెప్పుకొనవచ్చును.