సర్టిఫికెట్ తీసుకున్నవాళ్ల సంగతి

క్రీ.శ. 250 జూన్ నెలాఖరున ఈజిప్టులోని ఫయూమ్ ప్రాంతంలో డయోజనీస్ అనే 72 ఏళ్ల పెద్దాయన ఊరి అధికారులకు ఒక అర్జీ పెట్టుకున్నాడు. తాను మొదటినుంచీ దేవతలకు బలులు అర్పిస్తూనే ఉన్నాననీ, ఇప్పుడు ఆజ్ఞ ప్రకారం వాళ్ల కళ్లెదుటే బలి ఇచ్చి, ద్రాక్షారసం ధారపోసి, నైవేద్యం నోట్లో వేసుకున్నాననీ, ఆ సంగతి ధ్రువీకరించి కింద సంతకం చేయమనీ దాని సారాంశం. ఆనవాలుగా కుడి కనుబొమ్మ మీద మచ్చ ఉందని కూడా రాయించాడు, మన పదో తరగతి సర్టిఫికెట్లో పుట్టుమచ్చలు రాసినట్టే. 1893లో ఈ పపైరస్ పత్రం వెలుగులోకి వచ్చాక అలాంటివి 40కి పైగా దొరికాయి. అన్నీ ఈజిప్టువే. తేదీ తెలుస్తున్నవన్నీ ఆ ఏడాది జూన్, జూలై నెలలవే. పేర్లూ వయసులూ మారతాయి తప్ప మిగతాదంతా దాదాపు ఒకే మూస. ఆదిమ క్రైస్తవ సంఘం పడ్డ హింసల గురించి చెప్పేవాళ్లు సాధారణంగా సింహాల దగ్గర మొదలుపెడతారు. ఈ పత్రాల దగ్గర మొదలుపెడితే కథ ఇంకోలా నడుస్తుంది.

మూడువందల ఏళ్లపాటు రోమన్ ప్రభుత్వం క్రైస్తవులను ఊరూరా వేటాడిందనీ, వాళ్లు భూగర్భ సమాధుల్లో తలదాచుకుని బతికారనీ చాలామంది నమ్మకం. ఆ సమాధులు సమాధులే, కాపురాలు కావు. వేట సంగతీ అంతే. 64లో రోమ్ తగలబడ్డప్పుడు నీరో పెట్టిన చిత్రహింసలు ఆ నగరం దాటలేదు. 112 ప్రాంతంలో బితూనియా గవర్నరు ప్లీనీ, వీళ్లను ఏం చేయమంటారని అడిగితే, వెతికి పట్టుకోవద్దు, పేరులేని ఫిర్యాదులు తీసుకోవద్దు, రుజువైతే మాత్రం శిక్షించమని ట్రాజన్ చక్రవర్తి జవాబిచ్చాడు. నేరస్థులైతే వెతకరెందుకు, కాకపోతే శిక్షలెందుకని క్రైస్తవ రచయిత టెర్టూలియన్ తర్వాత దెప్పిపొడిచాడు. ఆ దెప్పు న్యాయమైనదే. 177లో లియోన్‌లో జరిగిన ఘోరం కూడా జనం రెచ్చిపోవడంతో మొదలైనదే. 248 ప్రాంతంలో రాసిన ఆరిజెన్, విశ్వాసం కోసం చనిపోయినవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టదగినంతమందేనని తానే ఒప్పుకున్నాడు. ఆయన సంఘానికి శత్రువు కాదు, మహా పండితుడు.

249లో డీసియస్ గద్దెనెక్కడంతో పద్ధతి మారింది. రోమ్ నగరానికి వెయ్యేళ్లు నిండాయని ఉత్సవాలు జరిగి అప్పటికి ఏడాదే. డాన్యూబ్ మీద గోతుల ఒత్తిడి పెరుగుతోంది. డీసియస్ చూస్తే ముందున్న చక్రవర్తి ఫిలిప్‌ను యుద్ధంలో చంపి వచ్చినవాడు. దేవతల అనుగ్రహం తన పక్షాన ఉందని చూపించుకోవలసిన అవసరం అతనికి అందరికంటే ఎక్కువ. సామ్రాజ్యంలో అందరూ బలి అర్పించాలని ఆజ్ఞ వేశాడు. 212లో కారకల్లా దాదాపు స్వతంత్రులందరికీ రోమన్ పౌరసత్వం ఇవ్వకపోతే ఇలాంటి ఆజ్ఞ ఊహకే అందేది కాదు. ఈ అర్జీదారుల పేర్ల ముందు వరసగా కనబడే ‘ఆరేలియస్’, ‘ఆరేలియా’ ఆ పౌరసత్వపు గుర్తే. ఈ ఆజ్ఞ క్రైస్తవుల కోసం పన్నిన ఉచ్చేనని పాతకాలపు చరిత్రకారులు తేల్చేశారు. అనుమానం ఉన్నవాళ్లకే పత్రాలు ఇచ్చి ఉంటారన్నారు. దానికి జవాబు ఒక స్త్రీ అర్జీలోనే దొరుకుతుంది. ఆరేలియా అమ్మోనూస్ మొసలి దేవుడు పెటెసూఖస్ గుడిలో పూజారిణి. దేవతలకు బలులు అర్పిస్తూనే ఉన్నానని ఆవిడ కూడా సంతకం తీసుకోవలసి వచ్చింది. గుళ్లో పూజ చేసే మనిషిని క్రైస్తవురాలని అనుమానించేవాడెవడు? ఈ పరీక్ష అందరికీ పెట్టారనుకుంటే తప్ప ఆ పత్రానికి అర్థం కుదరదు.

అలాగైతే సంఘం పడ్డ బాధ ఉత్తదేనా అనే ప్రశ్న వస్తుంది. కాదు. రోమ్ బిషప్ ఫేబియన్ 250 జనవరిలోనే ప్రాణం పోగొట్టుకున్నాడు. జెరూసలేం బిషప్ అలెగ్జాండర్ జైల్లో కన్నుమూశాడు. ముసలితనంలో చిత్రహింసలు పడ్డ ఆరిజెన్ ఆ తర్వాత కొద్దికాలమే బతికాడు. దెబ్బ కొట్టినవాడి ఉద్దేశం వేరైనంత మాత్రాన నొప్పి తగ్గదు. కానీ అధికారులకు కావలసింది శవం కాదు, లొంగి బలి ఇచ్చే మనిషి. అందుకే జైల్లో పెట్టారు, ఆకలితో మాడ్చారు, హింసించారు, ఎదురుచూశారు. అలాంటి హింస నుంచి హతసాక్షుల కంటే లొంగిపోయినవాళ్లే ఎక్కువమంది పుట్టుకొస్తారు. నా ఉద్దేశంలో డీసియస్ హింస సంఘాన్ని నిజంగా మార్చింది వీళ్ల వల్లనే.

కార్తేజ్ బిషప్ సిప్రియన్ 251లో రాసిన పుస్తకం చూడండి. ఎవరూ పట్టుకోకముందే జనం ఫోరానికి పరుగులు తీశారట. పొద్దుపోయింది, రేపు రమ్మంటే ఇప్పుడే కానిమ్మని బతిమాలారట. ఇంకొందరు బలి ఇవ్వకుండానే లంచమిచ్చి పత్రం సంపాదించారు. మరి వీళ్లందరినీ మళ్లీ ప్రభువు బల్ల దగ్గరకు రానివ్వాలా వద్దా? జైల్లో హింసలు భరించినవాళ్లు క్షమాపణ చీటీలు రాసివ్వడం మొదలుపెట్టారు. కొన్ని చీటీల్లో ఫలానావాడినీ అతని వాళ్లనూ చేర్చుకోండి అని మాత్రమే ఉంది, ఆ ‘వాళ్లు’ ఎందరో లెక్కలేదు. సిప్రియన్‌కు మండింది. ఆయన మాత్రం హింస సాగినన్నాళ్లూ అజ్ఞాతంలో ఉన్నాడు, దానికి రోమ్ గురువులు ఎత్తిపొడిచారు కూడా. దెబ్బలు తిన్నవాడికి ఉన్న గౌరవం పెద్దదా, దాక్కున్న బిషప్‌కు ఉన్న పదవి పెద్దదా? 251 కార్తేజ్ సభలో బిషప్పులు పదవి పక్షానే తీర్పు చెప్పుకున్నారు. పత్రం కొనుక్కున్నవాళ్లను విచారించి చేర్చుకోవాలి, బలి ఇచ్చినవాళ్లు పశ్చాత్తాపంతో కాలం గడపాలి, క్షమాపణ మరణశయ్య మీదనే. రోమ్‌లో నొవేషియన్ అనే గురువు ఈ సడలింపు కూడా ఒప్పుకోక వేరే సంఘం పెట్టాడు. 325లో నైసియా సభ నాటికి కూడా ఆ సంఘం గురువులను ఎలా చేర్చుకోవాలో నియమం చేయవలసి వచ్చింది.

సిప్రియన్ వక్తృత్వం నేర్చినవాడు, లొంగినవాళ్ల సంఖ్య పెంచి చెప్పాడనే ఆక్షేపణ ఉంది. పెంచే ఉంటాడు. అయితే గుప్పెడుమంది కోసం సభలు కూడవు, సంఘాలు చీలవు. పైగా సిప్రియన్‌ను పిరికివాడని కొట్టిపారేయడానికి లేదు. 258 సెప్టెంబర్ 14న, వలేరియన్ చక్రవర్తి కాలంలో, ఆయన తల నరికించుకున్నాడు.

303లో డయోక్లీషియన్ ఆజ్ఞ వేసినప్పుడు గురి సూటిగా క్రైస్తవుల మీదే. ఈసారి పరీక్ష బలి రూపంలో కాక, పవిత్ర గ్రంథాలు అప్పజెప్పమనే రూపంలో వచ్చింది. నుమిడియాలోని సిర్తాలో ఆ మే నెలలో అధికారులు ప్రార్థనామందిరం సోదా చేసి రాసుకున్న జాబితా మనకు మిగిలింది. రెండు బంగారు పాత్రలు, ఆరు వెండి పాత్రలు, దీపాలు, ఆడవాళ్ల అంగీలు 82. బీదలకు పంచడానికి దాచిన బట్టలు కాబోలు. లేఖనాలు ఎక్కడున్నాయంటే చదివేవాళ్ల దగ్గర ఉన్నాయన్నారు, ఇళ్లకు వెళ్లి తెచ్చుకున్నారు. గ్రంథం అప్పజెప్పిన బిషప్పు చేతులుంచి అభిషేకిస్తే అది చెల్లుతుందా అనే తగాదా మీద ఆఫ్రికా సంఘం రెండుగా చీలింది. 313లో కాన్‌స్టంటైన్, లిసినియస్ మత స్వేచ్ఛ ఒప్పుకున్నా చీలిక అతకలేదు. 411లో కార్తేజ్‌లో రెండు పక్షాల బిషప్పులూ చెరి 280 మందికి అటూఇటూగా కూర్చుని వాదించుకుంటే, తీర్పు చెప్పింది చక్రవర్తి పంపిన అధికారి. మరుసటి ఏడాది, చెల్లదని వాదించి ఓడిన పక్షం మీద హోదాను బట్టి జరిమానాలు పడ్డాయి, వేసింది క్రైస్తవ చక్రవర్తి హొనోరియస్.