వేమన మా గడప తొక్కిన వైనము

మేము మెట్రిక్యులేషనుతో చదువు చాలించి గుమాస్తా కొలువున వయసు గడపినవారము. విశ్వవిద్యాలయ సభలో కూర్చుండి ఉపన్యాసము వినుభాగ్యము మాకు కలుగలేదు. అయినను అట్టి ఉపన్యాసములు పుస్తకరూపమున హూడిలోని మా యింటికే వచ్చినవి.

రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు అనంతపురము సీమవారు. 1912లో మైసూరు మహారాజా కళాశాలలో చేరి, కన్నడ రాజధానిలో దశాబ్దముల తరబడి తెలుగు బోధించిరి. 1926లో వెలసిన ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు తొలి ఉపాధ్యక్షులైన కట్టమంచి రామలింగారెడ్డిగారును పూర్వము మైసూరున పనిచేసినవారే. ఆ విశ్వవిద్యాలయము పక్షమున శర్మగారు 1928లో వేమనను గూర్చి ఉపన్యసించిరి. మరుసటి యేడు అవి గ్రంథమైనవి. బ్రౌనుదొర 1829లోనే వేమన పద్యములను అచ్చొత్తించినను, పండితులలో పలువు రాతనిని కవులపంక్తిని కూర్చుండనీయలేదు. సంస్కృత మెరిగిన పండితుడే విశ్వవిద్యాలయ వేదికపై నిలిచి వేమన కవిత్వమును తూచి చూపుట సామాన్యమా!

మా హూడి పిల్లలు ఇంట తెలుగు మాటలాడుదురు, బడిలో కన్నడము చదువుదురు. మా మనుమరాలు వేమన పద్యములను కన్నడ లిపిలో వ్రాసికొని వల్లించును. తప్పు పట్టము, కాని ఆ యుపన్యాసము లామెకు మూతపడిన తలుపే గదా యని మాకు దిగులు. ఆదివారములందు మేమే బిగ్గరగా చదివి వినిపింతుము. మొన్న ఆమె పుస్తకము లాగికొని, అట్టపై వ్రేలుంచి, “వే... మ... న” అని కూడబలికినది. రెండు లిపులును దగ్గరి చుట్టములే!