ఒక చెట్టునకు ఒక తల

ఇంద్రావతీ గోదావరుల సంగమమునకు చేరువనున్న భోపాల్‌పట్నం నేడు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునందలి బీజాపూర్ జిల్లాలో చేరియున్నను, తెలుగు పలుకు అచ్చటివారికి పరాయిది కాదు. ఓరుగల్లు పతనానంతరము కాకతీయ వంశీయుడగు అన్నమదేవుడు ఈ దారినే బస్తరు ప్రవేశించెనని ఐతిహ్యము.

పూర్వము ఇది బస్తరు సంస్థానమునకు లోబడిన జమీందారీ. ఇచ్చటి దొర్లలకు అడవియే గాదె, అడవియే గుడి. ఇప్పపూవు ఆకలి తీర్చును. ఆకు విస్తరి యగును. వేల్పు చెట్టు నీడనే కొలువుండును.

అట్టి అడవిలో సాలవృక్షములను నరుకు హక్కు హైదరాబాదు గుత్తదారులకు లభించెను. 1859లో భోపాల్‌పట్నం, ఫోత్‌కేల్, భేజ్జీ, కోటపల్లి జమీందారీల ప్రజలు ఏకమై ఎదురు తిరిగిరి. వారి నాయకులలో నాగుల్ దొర్ల ప్రసిద్ధుడు. సాలవృక్షమొక్కటి కూలినచో తలయొక్కటి కూలునని వారు చాటిరి. గుత్తదారుడు చెట్టును రూపాయలలో లెక్కింపగా, వీరు తమ లెక్కను తాము వినిపించిరి! ఆ మాటలో కటువైన చమత్కారము కలదు. కాని అది మాటతో ముగియలేదు. కలప రాసులు తగులబడెను. చెట్లు కొట్టువారు కొందరు హతులైరి. వారును పొట్టకూటికై వచ్చినవారే యని మరువరాదు. తుదకు ఆంగ్లాధికారి గ్లాస్‌ఫర్డ్ గుత్త పద్ధతిని రద్దుపరచెను.

1980 దశకమున ఇంద్రావతిపై భోపాల్‌పట్నం ఆనకట్ట ప్రతిపాదింపబడినప్పుడును ఆదివాసులు వ్యతిరేకించిరి; బాబా ఆమ్టే వారి పక్షము వహించెను. ఆ కట్టడము లేవలేదు.

చరిత్రలో మిగిలిన పేర్లు కొన్నియే. ఇప్పపూలేరుటకు వేకువనే బుట్టతో బయలుదేరు ఇల్లాలికి ఆ పేర్లు తెలియకపోవచ్చును. ఆమెకు నీడనిచ్చు చెట్టు మాత్రము వారి కానుకయే.