గుంటూరు, ప్రకాశం మైదానంలో మనుషులు, పశువులు

గుంటూరు, ప్రకాశం మైదానం ఆంధ్ర ప్రదేశ్‌లో కృష్ణా నదికి దక్షిణాన ఉన్న నల్లరేగడి ప్రాంతం. పత్తి, మిరప, పొగాకు ఇక్కడి ప్రధాన వాణిజ్య పంటలు. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజన తరువాత ఈ ప్రాంతం గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాలలో విస్తరించి ఉన్నది. లోకప్రసిద్ధి చెందిన ఒంగోలు జాతి ఎద్దు పుట్టినిల్లు ఇదే. 1985 నాటి కారంచేడు హత్యాకాండ జరిగినది కూడా ఇక్కడే. పశువుకు లభించిన ఆదరణ, ఆ పశువును సాకిన మనిషికి ఎంతవరకు లభించినదన్న ప్రశ్న ఈ ప్రాంత చరిత్రలో పలుమార్లు ఎదురవుతుంది.

ప్రాచీన కాలం

నాగార్జునకొండ వద్ద విజయపురి రాజధానిగా సా.శ. 3, 4 శతాబ్దాలలో పాలించిన ఇక్ష్వాకు రాజులలో మొదటివాడు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు. ఇతడు అశ్వమేధ యాగం చేసినవాడనీ, కోట్ల బంగారంతో పాటు లక్షల సంఖ్యలో ఆవులను, నాగళ్లను దానం చేసినవాడనీ శాసనాలు కీర్తిస్తున్నవి. ఈ సంఖ్యలను అక్షరాలా తీసుకోనవసరం లేదు. అయితే రాజు గొప్పతనాన్ని ఆవులతోను, నాగళ్లతోను కొలిచినారన్నది గమనించదగినది. అదే వంశపు స్త్రీలు బౌద్ధ విహారాలను కట్టించారు. ఒకే రాజకుటుంబంలో గుర్రాన్ని బలి ఇచ్చే యాగమూ, అహింసను బోధించే ధర్మమూ పక్కపక్కనే నడిచినవి. అమరావతి స్తూపానికి చెందిన ఒక ప్రసిద్ధ శిల్పఫలకంలో, రాజగృహ వీధులలో మదించి పరుగెత్తే నాలగిరి ఏనుగు బుద్ధుని ముందు మోకరిల్లుతున్నట్లు చెక్కారు. ఈ ఫలకం ప్రస్తుతం చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో కలదు.

పలనాటి కథ

12వ శతాబ్దపు పలనాటి యుద్ధ గాథలో కోడిపందెం ఓటమితో మలిదేవాదులు రాజ్యం విడిచి వెళ్ళవలసి వచ్చినది. అదే గాథలో బ్రహ్మనాయుడు అన్ని కులాల వారినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి చాపకూడు పెట్టించినాడు. మాల కులస్థుడైన కన్నమదాసును తన సేనకు నాయకునిగా చేసినాడు. ఇందులో చరిత్ర ఎంత, కల్పన ఎంత అన్నది వేరు విషయం. కారంపూడిలో ఏటా కార్తీక మాసంలో మొదలయ్యే వీరారాధన ఉత్సవాలలో మందపోరు, కోడిపోరు పేర్లతో ప్రత్యేక దినాలు ఉన్నవి. చాపకూడు కూడా ఈ ఉత్సవాలలోనే జరుగుతుంది.

ఒంగోలు జాతి

తెల్లని మేను, ఎత్తయిన మూపురం, వేలాడే గంగడోలు గల ఈ జాతి గుండ్లకమ్మ పరీవాహక ప్రాంతంలోను, ఒంగోలు, అద్దంకి, కందుకూరు పరిసరాలలోను రూపుదిద్దుకున్నది. నల్లరేగడిలో లోతు దుక్కికి బలమైన ఎద్దు లేనిదే పని సాగదు. రైతులు జొన్న చొప్పతో పాటు పిల్లిపెసర, నానబెట్టి రుబ్బిన పత్తిగింజలు పెట్టి ఎడ్లను మేపేవారు.

జాతి నాణ్యతకు మేత ఒక్కటే కారణం కాదు. చనిపోయిన పెద్దల పేరిట మేలైన కోడెదూడను ఎంచి, అచ్చు వేసి వదిలే ఆచారం ఉండేది. దీనినే వృషోత్సర్జనం అంటారు. అచ్చు పడిన ఆంబోతు ఎవరి చేలో మేసినా కొట్టరాదు, కట్టరాదు. "అచ్చోసిన ఆంబోతు" అన్న తిట్టు దీని నుండి వచ్చినదే. తిట్టు ఎలా ఉన్నా, ఊరి మందకంతటికీ మంచి విత్తనపు ఎద్దు దక్కినది ఈ ఆచారం వల్లనే.

19వ శతాబ్దం నుండి ఈ పశువులను బ్రెజిల్‌కు ఎగుమతి చేశారు. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో భాగం కావడం వల్ల అక్కడ వీటికి నెలోర్ అని పేరు వచ్చినది. బ్రెజిల్ పశుసంపదలో అధిక భాగం నేడు నెలోర్, దాని సంకర జాతులే. 2023లో వియాటినా-19 అనే నెలోర్ ఆవులో మూడో వంతు వాటా వేలంలో అమ్ముడుపోగా, ఆ లెక్కన ఆవు విలువ 40 లక్షల డాలర్లు దాటినది. ఇక్కడ అరక కోసం పెంచిన జాతి అక్కడ ప్రధానంగా మాంసం కోసం పెరుగుతున్నది.

పుట్టినచోట మాత్రం ట్రాక్టర్లు వచ్చిన తరువాత ఎడ్ల సంఖ్య బాగా తగ్గిపోయినది. గుంటూరు సమీపాన లాంలోను, ప్రకాశం జిల్లా చదలవాడలోను ఉన్న క్షేత్రాలలో జాతి పరిరక్షణ జరుగుతున్నది. సంక్రాంతికి, తిరునాళ్లకు జరిగే బండలాగుడు పోటీల కోసం కొందరు రైతులు ఖర్చుకు వెనుకాడక ఎడ్ల జతలను మేపుతారు. 2014 మే 7న సుప్రీం కోర్టు జల్లికట్టును, ఎడ్లబండి పందేలను నిషేధించినది. ఆ తరువాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసిన చట్ట సవరణలను 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం సమర్థించినది.

తోలు పని

ఎద్దు బతికినంత కాలం రైతుది. చచ్చిన గొడ్డును మోసుకుపోవడం మాదిగల పని. ఆ తోలును ఊని చెప్పులు, చెర్నాకోలలు, బావి నుండి నీరు తోడే కపిలెకు కట్టే తోలు సంచులు తయారుచేసినది వారే. కపిలె నీటి మీద ఆధారపడిన మిరపతోటలకు ఈ తోలు సంచే ప్రాణం. తోలు సంచి తోడిన నీరు పైరుకు పనికివచ్చినది గాని, దానిని కుట్టిన మనిషి ఊరి మంచినీటి బావిని తాకరాదు. పశువును పూజించి, దాని కళేబరాన్ని ఎత్తే మనిషిని అంటరానివానిగా చూసిన ఈ ఏర్పాటును ధర్మం పేరుతో శతాబ్దాల తరబడి కొనసాగించారు.

వినుకొండలో 1895లో జన్మించిన గుర్రం జాషువా తండ్రి గొల్ల, తల్లి మాదిగ. ఆయన 1941లో వెలువరించిన గబ్బిలం కావ్యంలో ఒక అస్పృశ్యుడు తన మొరను శివునికి విన్నవించమని గబ్బిలాన్ని పంపుతాడు. గుడిలోనికి గబ్బిలం పోగలదు, అతడు పోలేడు.

1871 చట్టాలు

బ్రిటిషు ప్రభుత్వం పశువుల అతిక్రమణ చట్టాన్ని, నేరస్థ తెగల చట్టాన్ని ఒకే సంవత్సరంలో, 1871లో తెచ్చినది. మొదటిది పరుల చేలో పడిన పశువును బందెలదొడ్డిలో పెట్టి జరిమానా వసూలు చేయడానికి. రెండవది కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా నమోదు చేసి, వారి కదలికలను కట్టడి చేయడానికి. నేరస్థ తెగల చట్టం మద్రాసు రాజధానికి 1911లో వర్తించినది.

ఎరుకల వారు అంతకు ముందు గాడిదలు, ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకొని ఊరూరా అమ్మేవారు. రైళ్లు, ఉప్పు మీద ప్రభుత్వ ఆంక్షలు ఆ జీవనాన్ని దెబ్బతీసినవి. బతుకుతెరువు పోయి తిరుగుతున్నవారిని అనుమానితులుగా చూడడం ప్రభుత్వానికి సులువైనది. 1913-14 ప్రాంతంలో బాపట్ల సమీపాన సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో స్టూవర్టుపురం సెటిల్‌మెంటు ఏర్పడినది. మద్రాసు ప్రభుత్వ కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టారు. అక్కడివారు హాజరు పలకాలి, అనుమతి లేనిదే ఊరు దాటరాదు. వారిలో కొందరు చీరాలలోని పొగాకు కర్మాగారంలో కూలికి పనిచేశారు. ఈ చట్టం మద్రాసు రాష్ట్రంలో 1947లోను, దేశమంతటా 1952లోను రద్దయినది. అయినా ఊరి పేరుకు అంటిన అపకీర్తి చాలాకాలం పోలేదు. సినిమాలు దానిని మరింత పెంచినవి.

పలనాటిలో పశువుల మేతపై విధించిన పుల్లరి పన్నుకు వ్యతిరేకంగా 1921లో అటవీ సత్యాగ్రహం మొదలైనది. మించాలపాడులో ఈ ఉద్యమానికి నాయకత్వం వహించిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పులలో మరణించినాడు.

కారంచేడు

చీరాల సమీపాన ఉన్న కారంచేడులో మాదిగలు తాగునీటికి వాడే చెరువు వద్ద 1985 జూలై 16న కమ్మ కులానికి చెందిన యువకులు గేదెకు కుడితి పెట్టి, ఆ బకెట్లను కడిగిన మురికి నీరు చెరువులో పడేలా చేశారు. అభ్యంతరం చెప్పిన మాదిగ యువకుని కొట్టబోగా, నీటికి వచ్చిన ఒక మాదిగ మహిళ బిందె ఎత్తి అడ్డుకున్నది. మరునాడు, జూలై 17న, మాదిగపల్లెపై పెద్దఎత్తున దాడి జరిగినది. ఆరుగురు మాదిగలు హతులైనారు, స్త్రీలపై అత్యాచారాలు జరిగినవి. ప్రాణాలు దక్కినవారు చీరాలకు తరలిపోయారు. వారిలో చాలామంది తిరిగి ఊరికి పోక అక్కడే స్థిరపడ్డారు.

ఈ ఘటనను కుడితి నీటి తగాదాగా చెప్పడం పొరపాటు. గేదె కడుపు నింపిన నీటి అడుగు, మాదిగల గొంతులోనికి పోయినా ఫరవాలేదన్న తలపే అక్కడ తగాదాకు మూలం. బొజ్జా తారకం, కత్తి పద్మారావు మొదలగువారి నాయకత్వంలో దళిత మహాసభ ఏర్పడినది ఈ ఘటన తరువాతనే. 1989లో పార్లమెంటు చేసిన షెడ్యూల్డు కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం వెనుక కారంచేడు ప్రభావం ఉన్నదని భావిస్తారు. ఆ వర్గాలవారు వాడే నీటిని పాడుచేయడాన్ని ఆ చట్టం ప్రత్యేక నేరంగా పేర్కొన్నది. కారంచేడు కేసులో 2008 డిసెంబరులో సుప్రీం కోర్టు ఒకరికి యావజ్జీవ శిక్షను, 29 మందికి మూడేళ్ల శిక్షను ఖరారు చేసినది.

1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో (ప్రస్తుతం బాపట్ల జిల్లా) ఎనిమిది మంది దళితులను చంపారు. ఆ ఊరిలోనే ఏర్పాటైన ప్రత్యేక న్యాయస్థానం 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవ శిక్ష విధించగా, 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ తీర్పును కొట్టివేసినది.