ఆదాయం: అక్షరాలా నలభై ఎనిమిది వేల రూపాయలు మాత్రమే

మొన్న మార్కాపురం వెళ్ళినప్పుడు పాత పెట్టెలో నా ఇంజనీరింగ్ అడ్మిషన్ కాగితాలు దొరికాయి. 2015 నాటివి. అందులో ఆదాయ ధృవీకరణ పత్రం ఒకటి. మా నాయన సంవత్సరాదాయం 48,000 అట!

మా నాయన పలకల ఫ్యాక్టరీలో చేసేవాడు. కోసినన్ని పలకలకి కూలి. ఏ నెలా ఇంకో నెలలా ఉండేది కాదు. మరి ఈ 48,000 ఎవరు లెక్కేశారు? ఎవరూ వేయలేదు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి మా బీసీలకి అప్పట్లో లక్ష లోపు ఉండాలి, కాబట్టి లోపు అంకె ఒకటి రాశారు. మా ఊరి పిల్లల్లో చాలామందికి అదే అంకె. కాపీ పేస్ట్ మనమే కనిపెట్టామనుకుంటాం గానీ..

అసలు ఈ కథ చాలా పాతది. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టినప్పుడు అర్హత ఏడాదికి 6,000 లోపు ఆదాయం. సరే, ఆ ఆదాయం ఎవరికి తెలుసు? కరణం లెక్కల్లో భూమి ఉంది, శిస్తు ఉంది. కూలి లేదు. 1984లో కరణాలు, మునసబులు పోయారు, 1985లో మండలాలొచ్చాయి. కుర్చీలు మారాయి గానీ, రెవెన్యూ శాఖ పుట్టిందే భూమిని కొలవడానికి. రోజుకూలీ సంపాదన కొలిచే పనిముట్టు దాని దగ్గర ఎప్పుడూ లేదు.

2005లో మన రాష్ట్రం రేషన్ కార్డులకి ఐరిస్ పెట్టింది. టెక్నాలజీ బ్రహ్మాండం. కానీ ఐరిస్ ఆ మనిషి ఎవరో చెప్తుంది, ఆ మనిషి సంపాదన ఎంతో చెప్పదు కదా! 2008లో తెల్లకార్డు పరిమితి పల్లెల్లో 60,000, పట్టణాల్లో 75,000 అయింది. బియ్యం, ఆరోగ్యశ్రీ, ఫీజులు.. అన్నిటికీ ఆ కార్డే తాళంచెవి. అంకె మాత్రం చేత్తో రాసిందే.

2019 చివర్లో పద్ధతి మారింది. నెలకి పల్లెల్లో 10,000, పట్టణాల్లో 12,000 అన్నారు. దాంతోపాటు జాడలు వెతకడం మొదలైంది. మాగాణి మూడెకరాలు దాటిందా, కరెంటు 300 యూనిట్లు దాటిందా, కారుందా, ఇంట్లో ఎవరైనా ఇన్‌కమ్ టాక్స్ కడుతున్నారా? న్యాయంగా చెప్పాలంటే ఇది పాతదానికన్నా మెరుగే. కారున్నవాడికి తెల్లకార్డు ఉండటం మనందరం చూసినదే.

కానీ ఒక తిరకాసు ఉంది. ఇంట్లో నలుగురు కష్టపడితే, ముగ్గురి సంపాదన ఎక్కడా నమోదు కాదు. నమోదయ్యేది పే స్లిప్పు ఉన్న ఒక్కడిదే. అంటే మనదే. ఆ ఒక్కడి రికార్డు మొత్తం కుటుంబం రికార్డవుతుంది.

ఇది కూడా కొత్త కాదు. 1931లో ఇంగ్లండులో ఉద్యోగాల్లేని వాళ్ళ భృతికి ఇంటిల్లిపాది ఆదాయం లెక్కలోకి తీసుకున్నారు. కొడుకు సంపాదిస్తే తండ్రి భృతిలో కోత. పిల్లలు ఇల్లు వదిలి వేరుగా ఉండటం మొదలుపెట్టారు. జనం ఛీ కొట్టగా కొట్టగా 1941లో ఆ పద్ధతి తీసేశారు. మన దగ్గర కార్డులు విడగొట్టుకోవడానికి జనం తిరిగిన తిరుగుడు చూస్తే నాకు అదే గుర్తొచ్చింది.

మా పక్కింటి పెద్దమ్మ కొడుకు నా క్లాస్‌మేటే. బెంగుళూరులో ఉద్యోగం వచ్చింది, టాక్స్ కట్టాడు, ఇంటి కార్డు పోయింది. తర్వాత లేఆఫ్‌లో ఉద్యోగమూ పోయింది. కార్డు మాత్రం తిరిగి రాలేదు. ఏ ఆఫీసో ఎందుకులెండి, వెళ్ళినప్పుడల్లా "సిస్టంలో అట్లానే ఉందమ్మా" అన్నారట.

"నువ్వు కంప్యూటరు చదివినోడివి గదా నాయనా, మావాడి ఉద్యోగం పోయిందని దానికి చెప్పలేవా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

నేను చదువుకున్నది ఎవరో దయతో రాసిన తప్పు అంకె వల్ల. ఆవిడ బియ్యం పోయింది నిజమైన అంకె వల్ల. అలాగని మళ్ళీ తప్పు అంకెలే రాసుకుందామని నేననడం లేదు. ఆదాయం మొదలైన తేదీ రికార్డు చేసేవాళ్ళు, ఆగిన తేదీకి కూడా ఒక ఫీల్డు పెట్టాలి, దాన్ని మార్చే అధికారం ఊళ్ళో ఒక మనిషికి ఇవ్వాలి. అలాంటి సిస్టంలు రాసేది మనవాళ్ళే కదా.. ఏమంటారు?