లక్క: పురుగు కట్టిన గూడు, చెక్కకు పట్టిన మెరుగు

లక్క చెట్టు కార్చే బంక కాదు, పురుగు కట్టుకునే గూడు. మోదుగ, రేగు, పుసుగు చెట్ల లేత కొమ్మలకు లక్క పురుగులు గుంపులుగా అంటుకుని రసం పీలుస్తాయి. ఒంట్లోంచి ఊరే జిగురును ఒంటి చుట్టూ కప్పుకుంటాయి. ఆ జిగురు గట్టిపడి కొమ్మ పొడవునా ఎర్రటి పొలుసులా పేరుకుంటుంది. కిలో లక్కకు మూడు లక్షల దాకా పురుగులు కావాలని ఒక అంచనా.

లక్క వేడికి కరుగుతుంది, చల్లారితే మళ్లీ గట్టిపడుతుంది. నీళ్లకు లొంగదు, స్పిరిట్‌కు లొంగుతుంది. నిప్పంటుకుంటే భగ్గుమంటుంది. భారతంలో పాండవుల కోసం కట్టించిన ఇల్లు లక్కది కావడానికి ఈ చివరి గుణమే కారణం. అయితే చాలాకాలం వ్యాపారమంతా లక్కలోని రంగు కోసమే నడిచింది. కాళ్లకు పెట్టుకునే లత్తుక, బట్టల అద్దకపు ఎరుపు అందులోంచే వచ్చేవి. 1781లో జేమ్స్ కెర్ ఈ పురుగు జీవితాన్ని లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వివరించాడు. ఆ తర్వాత వందేళ్లు గడవకముందే రసాయన రంగులు వచ్చి లక్క ఎరుపును అంగడి నుంచి తరిమేశాయి. రంగుతో పాటు వ్యాపారమూ పోవలసిందే కానీ, అప్పటిదాకా వెనకుండిపోయిన జిగురు ముందుకొచ్చి దాన్ని నిలబెట్టింది.

కొమ్మల నుంచి గీకిన లక్కను నలగ్గొట్టి కడిగితే ఎరుపు నీళ్లలో పోయి, గింజల్లాంటి ముక్కలు మిగులుతాయి. పాత పద్ధతిలో వీటిని పొడవాటి గుడ్డ సంచిలో పోసి, బొగ్గుల కుంపటి ముందు పట్టుకుని మెలిపెడతారు. పుల్లలు, మట్టి లోపల ఆగిపోయి, కరిగిన లక్క గుడ్డలోంచి కారుతుంది. చుక్కలుగా పోస్తే బిళ్లలు. వేడి మీదే పలచటి రేకుగా సాగదీసి, చల్లారాక విరగ్గొడితే పొరలు. ఈ పొరలనే షెల్లాక్ అంటారు.

తెలుగు నాట లక్క పనికి పేరుపడ్డ ఊరు ఏటికొప్పాక. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉంది. అక్కడి బొమ్మకు అంకుడు కర్ర ప్రాణం. తెల్లగా, మెత్తగా ఉండి ఉలికి సులువుగా తెగుతుంది. కర్రను తరిమెనకు బిగించి, తిరుగుతుండగా ఆకారం తీస్తారు. తర్వాత రంగు కలిపి ముద్ద చేసిన లక్క కడ్డీని దానికి అదిమిపెడతారు. బ్రష్షు ఉండదు, డబ్బా ఉండదు. రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. ఆపైన మొగలి ఆకుతో రుద్దితే అద్దంలాంటి నునుపు వస్తుంది. పూత ఆరేదాకా ఆగాల్సిన పనే లేదు, తరిమెన ఆగేసరికి బొమ్మ చేతికొస్తుంది. రసాయన రంగులు కలిపిన రోజుల్లో పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మల్లో భార లోహాలుంటాయన్న భయం ఉండేది. ఏటికొప్పాక బొమ్మల కళాకారుడు సి.వి. రాజు జాఫ్రా గింజలు, నీలి, కరక్కాయ వంటివాటితో మళ్లీ చెట్ల రంగులకు దారి వేశారు. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు, 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చాయి. అంకుడు కర్ర కొరత మాత్రం ఇంకా వేధిస్తూనే ఉంది.

వరంగల్ నుంచి హైదరాబాద్ దారిలో జనగామ దాటగానే వచ్చే పెంబర్తిలో విశ్వకర్మలు ఇత్తడి రేకులపై దేవతామూర్తులను చెక్కుతారు. రేకు పనిలో కింద మెత్తగా, గట్టిగా కూడా ఉండే పరుపు కావాలి. లక్క, మైనం లాంటివి ఆ పనికి వస్తాయి. సుత్తి దెబ్బకు రేకు చిరగకుండా కుంగుతుంది, పని అయ్యాక వేడి చేస్తే ఊడివస్తుంది. కంసాలి బోలు నగల్లో లక్క నింపేదీ ఇలాంటి ఊతం కోసమే. హైదరాబాద్ లాడ్ బజార్‌లో లక్కతోనే గాజులు చేసి, మీద రాళ్లు పొదుగుతారు. ఈ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

చెక్క సామాను సంగతి వేరు. లీటరు స్పిరిట్‌లో పావుకిలో దాకా పొరలు నానబెట్టి, గుడ్డ ఉండతో పలచగా పూతమీద పూత వేస్తారు. ఇదే ఫ్రెంచి పాలిష్. వరంగల్ కాశిబుగ్గ లాంటి పాత బస్తీల్లోని టేకు దర్వాజాలకు, పందిరి మంచాలకు నప్పే మెరుపు ఇది. కొత్త పూత పాత పూతను కాస్త కరిగించి దానిలో కలిసిపోతుంది కాబట్టి గీతలు పడ్డా మొత్తం గీకక్కర్లేదు. వేడి గ్లాసు పెడితే మాత్రం తెల్లటి మచ్చ ఖాయం. నానబెట్టిన లక్క నెలలు గడిస్తే సరిగా ఆరదు, జిడ్డుగా మిగులుతుంది. తెలిసిన పనివాళ్లు పొరలను పొడిగానే దాచుకుని, కావలసినప్పుడు కావలసినంతే కలుపుకుంటారు.

1890లలో గ్రామఫోన్ రికార్డు లక్కకెక్కింది. రాతి పొడి, లక్క కలిపి వేడిగా అచ్చు వేసేవారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆసియా నుంచి సరుకు తగ్గి, 1942లో అమెరికా రికార్డులకు లక్క వాడకంపై కోత పెట్టింది. యుద్ధం తర్వాత వినైల్ వచ్చి ఆ గిరాకీని తీసుకుపోయింది. అంతకుముందే 1907లో, లక్కకు బదులు వెతుకుతూ లియో బేక్‌లాండ్ బేకలైట్ కనిపెట్టాడు. పాతకాలపు కరెంటు స్విచ్చులు దానివే. ప్లైవుడ్ పొరలను అతికించే ఫినాల్ రెసిన్లదీ అదే వంశం. అవి ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగవు.

లక్క సాగు ఇప్పుడు ఎక్కువగా జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో గిరిజనుల చేతుల్లో ఉంది. దానిపై పరిశోధనకు 1920లలోనే రాంచీ దగ్గర నామ్‌కుమ్‌లో సంస్థ వెలిసింది. ఫర్నిచర్‌కు పోగా మిగిలిన సరుకులో కొంత మాత్రల మీద, మిఠాయిల మీద, ఆపిల్ పళ్ల మీద తినదగిన పూతగా వెళుతోంది.